కారణం ఉన్న భయాన్ని ఏ స్కేలు కొలుస్తుంది?

ప్రసవమైన తల్లి మనసు ఎలా ఉందో తెలుసుకోవడానికి ప్రపంచంలో ఎక్కువగా వాడే ప్రశ్నాపత్రంలో పది ప్రశ్నలుంటాయి. దాని పేరు ఎడిన్‌బరో ప్రసవానంతర డిప్రెషన్ స్కేలు. జాన్ కాక్స్, ఆయన సహచరులు 1987లో స్కాట్లాండ్‌లో తయారుచేశారు. పేరులో డిప్రెషన్ ఉన్నా అందులో 3, 4, 5 ప్రశ్నలు ఆందోళనను పట్టుకుంటాయని తర్వాతి పరిశోధకులు చూపించారు. ఆ మూడింటినీ విడదీసి ఆందోళన స్కేలుగా కూడా వాడుతున్నారు. నాలుగో ప్రశ్న సారాంశం ఇది: ఈ వారం రోజుల్లో సరైన కారణమేమీ లేకుండా మీకు ఆందోళన కలిగిందా? ఐదోది కూడా అలాంటిదే: పెద్ద కారణం లేకుండానే భయం, గాబరా పుట్టాయా?

ఈ ప్రశ్నను ఇరాన్‌లో కాగితాలు లేకుండా బతుకుతున్న ఒక అఫ్ఘన్ బాలింతను అడిగామనుకుందాం. భర్త కట్టడాల దగ్గర కూలి. పోలీసులు ఏ రోజు ఆపి అడుగుతారో తెలియదు. పుట్టిన బిడ్డకు ఏ దేశం కాగితం ఇస్తుందో తెలియదు. 2025 ఒక్క ఏడాదిలోనే ఇరాన్ నుంచి లక్షలాది అఫ్ఘన్లు తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. చాలామందిని బలవంతంగానే పంపారు. ఆమెకు రాత్రి నిద్ర పట్టదు, గుండె దడదడలాడుతుంది. కానీ ప్రశ్నను శ్రద్ధగా విని నిజాయితీగా చెబితే ఆమె జవాబు ఏమిటి? 'లేదు, కారణం లేకుండా భయపడలేదు. కారణం ఉంది.' ఆ జవాబుకు స్కేలు ఇచ్చే మార్కు సున్నా.

దళిత హక్కుల వేదికలో ఇరాన్ తల్లుల గురించి ఎందుకు రాస్తున్నామో ఆ సున్నాయే చెబుతుంది. మనోవేదనను కొలిచే పనిముట్లు ఎలా తయారవుతాయి, ఒక భాష నుంచి ఇంకో భాషకు ఎలా వెళతాయి, ఆ దారిలో ఎవరి భయం లెక్కలోకి వస్తుంది, ఎవరిది జారిపోతుంది అన్నది అర్థం చేసుకోవడానికి పర్షియన్ మాట్లాడే తల్లుల మీద జరిగిన పని మంచి పాఠం. మంచి పని కాబట్టే పాఠం. నాసిరకం పరిశోధనను విమర్శించడం తేలిక, దాని నుంచి నేర్చుకునేది తక్కువ.

ముందుగా అసలు సంగతి. ప్రసవం తర్వాతి కుంగుబాటు గురించి కొంతైనా మాట్లాడుకుంటున్నాం. ఆందోళన గురించి అంత కూడా లేదు. ఈ రెండూ చాలాసార్లు కలిసే వస్తాయి గానీ రెండూ ఒకటి కాదు. కుంగుబాటులో మనసు మూసుకుపోతుంది, దేనిమీదా ఆశ ఉండదు. ఆందోళనలో మనసు ఆగదు. బిడ్డ ఊపిరి ఆడుతోందా, పాలు చాలుతున్నాయా, నా చేతుల్లోంచి జారిపోతుందేమో, నేను తల్లిగా పనికిరానేమో అని తిరుగుతూనే ఉంటుంది. 2017లో సిండీ-లీ డెన్నిస్ బృందం 34 దేశాల్లోని 102 అధ్యయనాలను, రెండు లక్షల ఇరవై వేల మందికి పైగా స్త్రీల వివరాలను కలిపి చూసింది. ప్రసవమైన ఆరు నెలల్లోపు 15 శాతం తల్లులు ఆందోళన లక్షణాలు ఉన్నట్టు చెప్పారు. వైద్య నిర్ధారణకు నిలిచే ఆందోళన రుగ్మత 9.9 శాతం మందిలో కనిపించింది. సుమారు పది మందిలో ఒకరు. ఇది అరుదైన జబ్బు కాదు.

అయితే దేనితో కొలుస్తారు? చాలాకాలం అందరికీ వాడే ఆందోళన స్కేళ్ళనే బాలింతలకూ వాడారు. వాటిలో నిద్ర పడుతోందా, అలసటగా ఉందా వంటి ప్రశ్నలుంటాయి. రెండు వారాల పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఎవరికి నిద్ర పడుతుంది? జబ్బు లేని తల్లికి కూడా మార్కులు పెరుగుతాయి. మరోవైపు, బిడ్డ గురించిన భయాలను ఆ స్కేళ్ళు అడగనే అడగవు. ఈ లోటు పూడ్చడానికి లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన విక్టోరియా ఫాలన్, ఆమె సహచరులు 2016లో ప్రసవానంతర ఆందోళనకే ప్రత్యేకమైన స్కేలును ప్రచురించారు. ఇంగ్లిష్‌లో దాన్ని పీసాస్ అని పొడి అక్షరాల్లో పిలుస్తారు. అందులో 51 ప్రశ్నలు. ఆరు నెలల్లోపు బిడ్డ ఉన్న తల్లుల కోసం. ప్రశ్నలు నాలుగు గుంపులు: తల్లిగా నా సామర్థ్యం, బిడ్డతో అనుబంధం మీద భయాలు, బిడ్డ క్షేమం మీద భయాలు, పాలు, నిద్ర, బరువు వంటి రోజువారీ సాకుడు మీద భయాలు, మారిన జీవితంలో, అంటే డబ్బు, భర్తతో సంబంధం, ఉద్యోగం, తన శరీరం వంటి వాటిలో కుదురుకోవడం మీద భయాలు.

పర్షియన్‌లో అప్పటికే ఎడిన్‌బరో స్కేలు ఉంది. అలీ మొంతజెరీ బృందం 2007లో దాని ఇరాన్ అనువాదాన్ని పరీక్షించి ప్రచురించింది. పీసాస్‌ను 2021లో పర్షియన్‌లోకి తెచ్చింది తబ్రీజ్ వైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు. మొజ్గాన్ మీర్‌గఫూర్‌వంద్ ఈ పనిలో ప్రముఖురాలు, లివర్‌పూల్ వాళ్ళు కూడా కలిశారు. కోవిడ్ కాలంలో 51 ప్రశ్నలు భారమని 12 ప్రశ్నల పొట్టి రూపం తయారైంది. ఆ తర్వాత అది కూడా పర్షియన్‌లోకి వచ్చింది.

అనువాదం అంటే నిఘంటువు పక్కన పెట్టుకుని రాసేయడం కాదు. ఇద్దరు వేర్వేరుగా ఇంగ్లిష్ నుంచి పర్షియన్‌లోకి తెస్తారు. రెండూ పోల్చి ఒకటి చేస్తారు. అసలు ప్రశ్నాపత్రం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మారుస్తారు. మూలానికీ దీనికీ ఎక్కడ తేడా వచ్చిందో చూసి సరిచేస్తారు. తర్వాత మంత్రసానులు, వైద్యులు, మానసిక నిపుణులు ప్రతి ప్రశ్నకూ 'ఇది అవసరమా, ఇది స్పష్టంగా ఉందా' అని మార్కులేస్తారు. కొంతమంది తల్లులతో చదివిస్తారు. ఆ తర్వాతే వందల మందిని అడిగి గణితం చేస్తారు.

ఈ దశలన్నీ ఎందుకో తెలియాలంటే ఎడిన్‌బరో స్కేలులోని ఆరో ప్రశ్నను చూడండి. పనులన్నీ మీదపడి ఊపిరాడటం లేదా అని అడగడానికి ఇంగ్లిష్‌లో ఒక నుడికారం వాడారు. దాన్ని మాటకు మాట తెలుగు చేస్తే 'అన్నీ నా నెత్తికెక్కుతున్నాయి' అని వస్తుంది. తెలుగులో నెత్తికెక్కేది పొగరు. అలసిపోయిన బాలింతను పట్టుకుని పొగరెక్కిందా అని అడిగినట్టు. ప్రతి భాషకూ ఇలాంటి గుంటలుంటాయి.

పర్షియన్‌లో ఆందోళనకు పుస్తకాల మాట 'ఎజ్తెరాబ్'. వైద్యులు రాసేది అదే. ఇళ్ళలో వినిపించేది 'దెల్‌షూరె'. 'దెల్' అంటే గుండె, కడుపు కూడా. కడుపునొప్పిని 'దెల్‌దర్ద్' అంటారు. 'దెల్‌షూరె' అంటే ఆ లోపలిదేదో అల్లకల్లోలంగా ఉండటం. మన 'గుబులు'కు దగ్గర. ఇంకో మాట 'నెగరానీ', అంటే చింత. దాని మూలంలో చూడటం, కనిపెట్టుకుని ఉండటం అన్న అర్థం ఉంది. ఇదే మాట ఉర్దూలోకి వచ్చి 'నిగ్రానీ' అయింది. ఇక్కడ దాని అర్థం నిఘా. చూపు ఒకటే, అక్కడ తల్లి బిడ్డను చూసే చూపు, ఇక్కడ పోలీసువాడు బస్తీని చూసే చూపు. తెలంగాణ పల్లెల్లో మనం రోజూ అనే 'పరేషాన్' కూడా పర్షియన్ నుంచి వచ్చిందే. మాటలు ఇంత దూరం ప్రయాణించి ఇంతగా మారగలిగినప్పుడు, ప్రశ్నలు మారకుండా ఉంటాయని ఎలా అనుకుంటాం?

పైగా పర్షియన్ అంటే ఒక్క ఇరాన్ కాదు. అఫ్ఘనిస్తాన్‌లో దాన్ని దరీ అంటారు, తజికిస్తాన్‌లో తజిక్. తజిక్‌ను రష్యన్ లాగా సిరిలిక్ లిపిలో రాస్తారు, కాబట్టి టెహ్రాన్‌లో అచ్చయిన ప్రశ్నాపత్రం దుషాంబే తల్లి చదవలేదు. దరీ, ఇరాన్ ఫార్సీ పరస్పరం అర్థమవుతాయి గానీ బాధ చెప్పుకునే మాటలు తేడా. కాబూల్ స్త్రీ చింతను 'తష్వీష్' అంటుంది. తీరని దుఃఖాన్ని 'జిగర్ ఖూన్' అంటుంది, అంటే కాలేయం నెత్తురైపోవడం. 'పర్షియన్ వెర్షన్ ఉంది కదా' అని విదేశాల్లోని ఆసుపత్రులు అఫ్ఘన్ శరణార్థి తల్లి చేతికి ఇరాన్ ప్రశ్నాపత్రం ఇస్తే, మాటలు తెలుస్తాయి, ప్రశ్న మాత్రం పూర్తిగా చేరకపోవచ్చు.

తబ్రీజ్ దగ్గర ఇంకో మలుపుంది. పర్షియన్ పీసాస్ పుట్టింది అక్కడే. కానీ తబ్రీజ్‌లో అత్యధికుల ఇంటిభాష పర్షియన్ కాదు, అజర్‌బైజానీ తుర్కీ. ఇరాన్‌లో బడి, ఆఫీసు, ఆసుపత్రి కాగితం పర్షియన్‌లోనే నడుస్తాయి. అంటే చాలామంది తల్లులు గుబులు పడేది ఒక భాషలో, దాన్ని కొలిపించుకునేది బడిలో నేర్చుకున్న ఇంకో భాషలో. చదువుకున్న స్త్రీకి ఇది పెద్ద అడ్డంకి కాకపోవచ్చు. చదువు అందని స్త్రీకి? ఇలాంటి అధ్యయనాల్లో చదవడం, రాయడం వచ్చి ఉండాలన్న షరతు పెట్టడం మామూలే, ఎందుకంటే తల్లి తానే నింపాల్సిన ప్రశ్నాపత్రం అది. ఆ షరతుతోనే అందరికన్నా పేద తల్లి లెక్క మొదలవకముందే బయటికి వెళ్ళిపోతుంది. తర్వాత ఎంత గొప్ప గణితం చేసినా ఆమె తిరిగి రాదు.

తబ్రీజ్‌కు దక్షిణాన మరాఘె అనే పట్టణం ఉంది. 1970ల్లో అమెరికన్ మానవశాస్త్రవేత్త బైరన్ గుడ్ అక్కడ ఉండి పరిశోధించి 1977లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో ఇప్పటికీ పాఠ్యాంశమే. అక్కడి స్త్రీలు 'గుండెకు బాగాలేదు' అని డాక్టర్ల దగ్గరికి వచ్చేవారు. గుండె దడ, గుండె పట్టేసినట్టు ఉండటం. డాక్టరుకు అది గుండె జబ్బో, 'ఉత్త భయమో'. గుడ్ వాళ్ళ మాటలు విప్పి చూస్తే ఆ 'గుండె' చుట్టూ రెండు పోగులు కనిపించాయి. ఒకటి ప్రసవం, గర్భస్రావం, గర్భనిరోధక మాత్రలు. రెండోది పేదరికం, అప్పు, ఇంట్లో తగువులు, అయినవాళ్ళ చావు. ఒక్క మాటలో ఒక జీవితమంతా ఇమిడి ఉంది. మాకు ఇది చదివినప్పుడల్లా ఒక సంగతి తడుతుంది: స్త్రీలు తమ ఆందోళనకు కారణాలు చెబుతూనే ఉన్నారు. కారణాన్ని తీసేసి లక్షణాన్ని మాత్రమే ఉంచుకున్నది వైద్యం.

ఇక ఆచారాలు. ఇరాన్‌లో ప్రసవం తర్వాత నలభై రోజులను 'చెల్లె' అంటారు. ఆ రోజుల్లో తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకూడదన్నది పాత నియమం. 'ఆల్' అనే దయ్యం బాలింత కాలేయం ఎత్తుకుపోతుందని పెద్దలు చెప్పేవారు, రక్షగా ఇనుము దగ్గర పెట్టేవారు. మన బాలింతల మంచాల కింద చీపురు, చెప్పు, ఇనుప ముక్క పెట్టిన అమ్మమ్మలకు ఇది వింతగా అనిపించదు. దిష్టి తగలకుండా 'ఎస్ఫంద్' గింజలు నిప్పుల మీద వేసి పొగ పెట్టడం ఇరాన్‌లో ఇప్పటికీ ఉంది. పీసాస్‌లో, నిద్రపోతున్న బిడ్డను మాటిమాటికీ వెళ్ళి చూస్తున్నారా అన్న తరహా ప్రశ్న ఉంది. బిడ్డకు ఎవరివల్లనైనా హాని జరుగుతుందని భయపడుతున్నారా అన్న తరహాది ఇంకొకటి. ఇంటిల్లిపాదీ కలిసి కాపలా కాయడమే పద్ధతి అయిన చోట 'అవును' అన్న జవాబు జబ్బుకు గుర్తా, మర్యాదకు గుర్తా? దీనికి ఎదురుగా, బిడ్డ మీద నాకు ప్రేమ కలగడం లేదేమో అన్నలాంటి ప్రశ్నలకు నిజం చెప్పడం కష్టం. దేవుడిచ్చిన బిడ్డ గురించి అలా అనడం 'నాషోక్రీ', కృతఘ్నత. పక్కనే అత్తగారు కూర్చుని ఉంటే మరీ కష్టం. ఒక గుంపులో మార్కులు ఉన్నదానికన్నా పెరుగుతాయి, ఇంకో గుంపులో తగ్గుతాయి. మొత్తం కూడితే రెండు తప్పులూ ఒకదాన్నొకటి దాచేసి అంకె సరిగ్గానే కనిపించవచ్చు.

పరిశోధకులకు ఇది తెలియదని కాదు. అందుకే ఫ్యాక్టర్ అనాలిసిస్ చేస్తారు. దాని పని సులభంగా చెప్పాలంటే, ఏ ప్రశ్నలకు జవాబులు కలిసి పెరుగుతున్నాయో, కలిసి తగ్గుతున్నాయో చూడటం. లివర్‌పూల్‌లో నాలుగు గుంపులుగా విడిపోయిన ప్రశ్నలు తబ్రీజ్‌లోనూ నాలుగు గుంపులుగానే నిలిచాయి. ఇది చిన్న విషయం కాదు. తల్లుల భయాలకు దేశాలు దాటిన ఒక ఆకారం ఉందని చెబుతుంది. క్రాన్‌బాక్ ఆల్ఫా అనే ఇంకో అంకె ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెబుతుంది. కానీ ఈ గణితం అంతా ప్రశ్నాపత్రంలో ఉన్న ప్రశ్నల మీదే. అడగని ప్రశ్న గురించి ఏ గణితమూ చెప్పలేదు. బిడ్డకు 'షెనాస్‌నామె', అంటే పుట్టుక గుర్తింపు పత్రం వస్తుందా అన్న భయం ఆ 51లో లేదు. లివర్‌పూల్‌లో ఆ ప్రశ్న ఎవరికీ తట్టాల్సిన అవసరం రాలేదు. ఇరాన్ స్త్రీ విదేశీయుణ్ణి, ముఖ్యంగా అఫ్ఘన్‌ను పెళ్ళాడితే తన పౌరసత్వం తన బిడ్డకు రావడానికి 2019లో చట్టం మారేదాకా పోరాడాల్సి వచ్చింది. ఆ తల్లులు పర్షియన్‌లోనే భయపడ్డారు.

కటాఫ్ గురించి కూడా కార్యకర్తలకు తెలియాలి. ఇన్ని మార్కులు దాటితే 'ఆందోళన ఉంది' అంటారు. వెయ్యి మంది తల్లులను తీసుకుందాం. వాళ్ళలో వంద మందికి నిజంగా రుగ్మత ఉందనుకుందాం. స్కేలు ఉన్నవాళ్ళలో 80 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివాళ్ళలో 80 శాతాన్ని సరిగ్గా వదిలేస్తుంది అనుకుందాం. అప్పుడు 80 మంది నిజంగా దొరుకుతారు, 20 మంది జారిపోతారు. రుగ్మత లేని 900 మందిలో 180 మంది అనవసరంగా పట్టుబడతారు. స్కేలు వేలు చూపిన 260 మందిలో నిజమైనవాళ్ళు మూడోవంతు కూడా లేరు. కాబట్టి స్క్రీనింగ్ అంకెను పట్టుకుని 'మా జిల్లాలో ఇంత శాతం బాలింతలకు మానసిక జబ్బు' అని రాయడం తప్పు. స్కేలు అంటే తలుపు తట్టడమే. లోపల ఎవరున్నారో కూర్చుని మాట్లాడాకే తెలుస్తుంది. మాట్లాడేవాళ్ళు లేని చోట తలుపు తట్టి వెళ్ళిపోవడం ఇంకో రకం అన్యాయం.

వేరే దారి ఉందా? ఉంది, అదీ పర్షియన్ నేల మీదే. కెన్నెత్ మిల్లర్, అఫ్ఘన్ సహచరులతో కలిసి కాబూల్‌లో 2006లో ప్రచురించిన అఫ్ఘన్ లక్షణాల పట్టికకు ఇంగ్లిష్ మూలం లేదు. ముందు మనుషుల కథలు విన్నారు. బాధ గురించి వాళ్ళు ఏ మాటలు వాడారో ఏరారు. 'జిగర్ ఖూన్', 'అసబీ' అంటే చిరాకు, ఉద్రేకం, 'ఫిషార్' అంటే లోపలి ఒత్తిడి పైకి పోవడం, కిందికి పడిపోవడం వంటివి. ఆ మాటలతోనే ప్రశ్నలు కట్టారు. ఇది బాలింతల కోసం చేసింది కాదు. కానీ పద్ధతి అదే: తయారైన ప్రశ్నకు మనిషిని సరిపెట్టకుండా, మనిషి మాట నుంచి ప్రశ్నను పుట్టించడం. దీని ఖర్చు, సమయం ఎక్కువ. ఇతర దేశాలతో పోల్చుకునే వీలు తక్కువ. పత్రికల్లో ప్రచురణ కష్టం. అందుకే పరిశోధక విద్యార్థులు అనువాదం వైపే వెళతారు. మాలాంటివాళ్ళం కూడా గడువులు చూసుకునే నిర్ణయాలు తీసుకుంటామని ఇక్కడ చెప్పుకోవాలి.

అలాగని స్కేళ్ళను తగలబెట్టమని మేం అనడం లేదు. కొలవని బాధకు బడ్జెట్ రాదు. 2002లో విక్రమ్ పటేల్ బృందం గోవాలో ఎడిన్‌బరో స్కేలును స్థానిక భాషలో వాడి, 23 శాతం తల్లుల్లో కుంగుబాటు ఉందని, పేదరికం, భర్త హింస, ఆడపిల్ల పుట్టడం దాని వెనుక ఉన్నాయని చూపించింది. అంకె ఉంది కాబట్టే కారణం గురించి వాదించగలిగారు. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎస్సీ, ఎస్టీ, బీసీ అని విడదీసి రక్తహీనత చెబుతుంది, ఆసుపత్రి కాన్పులు చెబుతుంది. బాలింత ఆందోళన గురించి 2019-21 సర్వే ఒక్క ప్రశ్నా అడగలేదు. రేపు అడిగితే అది ఏ ప్రశ్నాపత్రం అవుతుంది? 'కారణం లేకుండా' అన్న మాట తెలుగులో కూడా అలాగే దిగుతుందా? కాన్పు గదిలో కులం పేరుతో తిట్లు తిన్న తల్లి, బిడ్డకు జ్వరమొస్తే మళ్ళీ అదే ఆసుపత్రికి వెళ్ళాలని భయపడితే, ఆ భయం ఏ గడిలోకి వెళుతుంది? ప్రశ్నలు అడగడానికి ఇంటికొచ్చే మనిషి గడప దాటి లోపలికి వస్తుందా, వాకిట్లోనే నిలబడి అడుగుతుందా? జవాబు దాన్ని బట్టి కూడా మారుతుంది.

విద్యార్థులు చేయగల పని ఒకటుంది, పెద్ద నిధులు అక్కర్లేదు. దాన్ని పరిశోధకులు కాగ్నిటివ్ ఇంటర్వ్యూ అంటారు. ప్రశ్న అడిగి జవాబు రాసుకుని వెళ్ళిపోకుండా, 'అమ్మా, ఈ ప్రశ్న విన్నప్పుడు నీకేం గుర్తొచ్చింది? దీన్ని నీ మాటల్లో ఎలా అడుగుతావు?' అని అడగడం. ప్రతి వాడ నుంచి, ప్రతి యాస నుంచి పదిమంది తల్లులతో కూర్చున్నా ఏ ప్రశ్న ఎక్కడ విరిగిందో తెలిసిపోతుంది. చదువు రాని తల్లులను వదిలేయకుండా వాళ్ళతోనే మొదలుపెట్టాలి. వాళ్ళకు అర్థమైన ప్రశ్న చదువుకున్నవాళ్ళకూ అర్థమవుతుంది, తిరగేస్తే కాదు.

అఫ్ఘనిస్తాన్‌లో ఇప్పుడు ఆ మాత్రం కూడా కష్టం. 2024 డిసెంబరులో తాలిబాన్ ప్రభుత్వం స్త్రీలకు నర్సింగ్, మంత్రసాని శిక్షణను కూడా మూసేసింది. చాలాచోట్ల మగ డాక్టరు స్త్రీని చూడటానికి ఒప్పుకోరు. దరీలో ఎంత మంచి ప్రశ్నాపత్రం తయారైనా, దాన్ని పట్టుకుని బాలింత మంచం పక్కన కూర్చోగలిగిన కొత్త మంత్రసానులు ఆ దేశంలో తయారవడం ఆగిపోయింది.